టెంక, తొక్క, పేగు
(అల్మాస్‌గూడలో చేసిన యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే ఎవరైనా ఆయన పరిశోధించిన ఏటీపీతోనో, కేన్సర్ మందుతోనో మొదలుపెడతారు. నేను పేగుతో మొదలుపెడతాను. ఆయన బతుకును అటూ ఇటూ తిప్పింది పేగే. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఆ మనిషికి అన్నగారు పురుషోత్తం స్ప్రూ జబ్బుతో దూరమయ్యారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు కట్టవు, నాలుక పూసిపోతుంది, రక్తం పలచబడుతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. మన వైద్యులు దీన్ని సంగ్రహణి కింద చూసేవారు. తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో గట్టెక్కారు. అందుకేనేమో, ఇంగ్లీషు వైద్యం చదివి కూడా మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం పాఠాలు చెప్పారు. 1922లో బోస్టన్ వెళ్ళారు. 1945లో లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ మందు స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పుంజుకుంది, నాలుక బాగుపడింది. 1948లో అదే సంస్థ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. ఈనాటికీ ఉష్ణదేశపు స్ప్రూకి డాక్టర్లు రాసేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. అన్నను తీసుకుపోయిన జబ్బుకు తమ్ముడు పనిచేసిన చోటి నుంచే రెండు మందులూ వచ్చాయి. అదే 1948 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. యాభై మూడేళ్ళు.

ఫోలిక్ యాసిడ్ కథకు ఇంకో కొస ఉంది, ఈ రోజు మన విషయానికి అదే ముఖ్యం. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు ఒక రకం రక్తహీనత వస్తోంది, ఇనుము ఇచ్చినా తగ్గడం లేదు. ఆమె ఏవేవో ఇచ్చి చూసి, చివరికి మార్మైట్ అనే నల్లటి లేహ్యం ఇచ్చింది. అది పనిచేసింది. 1931లో ఆ సంగతి అచ్చయింది. మార్మైట్ అంటే ఏమిటి? ఇంగ్లండులో బీరు కాచాక పీపాల్లో మిగిలిపోయే ఈస్టు మడ్డి. దాన్ని ఉడికించి, ఉప్పేసి, సీసాలకెక్కించి అమ్మేవారు. ఆ మడ్డిలో ఉన్న పేరు తెలియని పదార్థమే ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ సహజ రూపం, అని తర్వాత తేలింది. విల్స్ కొంతకాలం కూనూరులో పనిచేసింది. అక్కడ రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో ఒక్క గదిలో మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అంటే సుబ్బారావు గారి ఫోలిక్ యాసిడ్ వెనక ఒక ఫ్యాక్టరీ పారబోయాల్సిన మడ్డి ఉంది. ఆయన పేరు మీద పండ్ల తొక్కల గురించి మాట్లాడుతున్నాడేమిటి అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నా జవాబు ఇది.

అయితే ఒకటి గమనించండి. ఆ మడ్డిని ఎవరూ మురుగుకాలవలోంచి తోడుకోలేదు. పీపాలోంచి నేరుగా శుభ్రమైన పాత్రలోకి తీశారు. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఈ ఒక్క ముక్కే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. అల్మాస్‌గూడలో పదేళ్ళకు పైగా ఉంటున్నవాళ్ళకు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గురించి నేను చెప్పక్కర్లేదు. 1986 నుంచి కొత్తపేటలో 22 ఎకరాల్లో నడిచింది. మామిడి రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా లారీలే. బస్సు కిటికీలోంచి వాసన చూసి స్టాపు చెప్పేవాళ్ళు ఉండేవారు: ముందు పండిన మామిడి వాసన, ఇంకాస్త ముందుకెళితే పులిసిన మామిడి వాసన. వరిగడ్డి, చిరిగిన అట్టపెట్టెలు, నలిగిన బొప్పాయిలు, ద్రాక్ష గుత్తుల ఈనెలు, ప్లాస్టిక్ తాళ్ళు, అన్నీ ఒకే కుప్ప. దాని మీద ఆవులు, ఆవుల మీద కాకులు. 2021లో మార్కెట్‌ను బాటసింగారం తరలించారు. పాత స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. కోహెడలో కొత్త మార్కెట్ కడతామని ఎప్పటినుంచో అంటున్నారు. 2020 వేసవిలో అక్కడ తాత్కాలికంగా వేసిన షెడ్డు ఈదురుగాలికి కూలి మనుషులకు దెబ్బలు తగిలిన సంగతి కూడా మీకు గుర్తుండే ఉంటుంది. కోహెడ దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

మార్కెట్ పోయింది కానీ జ్యూస్ బండ్లు పోలేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద ఏ బండి దగ్గరైనా ఒక పూట నిలబడి చూడండి. కుర్రవాడు నల్లగొండ బత్తాయి తీసుకుని చాకుతో పసుపుపచ్చ తొక్క చెక్కేస్తాడు. లోపల తెల్లటి మెత్తటి పొర ఉంటుంది చూశారా, చేత్తో నొక్కితే స్పాంజిలా ఉంటుంది, అదీ సగం పోతుంది. కాయను రెండు చేసి గొట్టంలో పెట్టి పిడి తిప్పుతాడు. రసం గ్లాసులోకి, తొనల పొరలు, గుజ్జు, గింజలు వెనక డ్రమ్ములోకి. తర్వాత రెండు చెంచాల పంచదార, ఐసు. పెద్దపేగుకు పనికొచ్చేదంతా డ్రమ్ములో ఉంది, చిన్నపేగు పై భాగంలోనే రక్తంలోకి ఎక్కిపోయేదంతా గ్లాసులో ఉంది. డబ్బిచ్చి మనం గ్లాసు తీసుకుంటాం.

ఆ తెల్ల పొరలో పెక్టిన్ ఉంటుంది. జామ్ సీసా మీద చిన్న అక్షరాల్లో 440 అనే సంఖ్య కనిపిస్తే అది పెక్టిన్. ప్రపంచంలో అమ్ముడయ్యే పెక్టిన్‌లో ఎక్కువ భాగం నిమ్మజాతి తొక్కల నుంచీ, యాపిల్ రసం తీశాక మిగిలే పిప్పి నుంచీ వస్తుంది. ఫ్రాన్సులో హెన్రీ బ్రకొనో దానికి 1825లో పేరు పెట్టాడు. రెండు వందల ఏళ్ళుగా జామ్ గడ్డకట్టడానికి వాడుతున్నారు, అది కడుపులో ఏం చేస్తుందన్న ఆలోచన మాత్రం ఈమధ్యది.

ఏం చేస్తుంది? మన లాలాజలం, జఠరరసం, క్లోమరసం, వీటిలో దేనికీ పెక్టిన్‌ను కోసే కత్తి లేదు. కాబట్టి అది చెక్కుచెదరకుండా పెద్దపేగు చేరుతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. గాలి తగలని ఆ చోట అవి పెక్టిన్‌ను పులియబెట్టి మూడు చిన్న ఆమ్లాలు తయారుచేస్తాయి: అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్. బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన ఇంధనం. ఒంట్లో చాలా కణాలు రక్తంలోని చక్కెర, కొవ్వుల మీద బతుకుతుంటే, ఈ కణాలు మటుకు సూక్ష్మజీవులు వండిపెట్టిన కూడు తింటాయి. ఆ కూడు అందకపోతే? 2016లో ఎలుకల మీద జరిగిన ఒక పరిశోధనలో పీచు లేని తిండి పెట్టినప్పుడు సూక్ష్మజీవులు పేగు గోడకు కాపలాగా ఉన్న జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడ్డాక రోగక్రిములకు దారి సులువైంది. ఎలుకకు జరిగిందంతా మనిషికి జరుగుతుందని అనను. కానీ ఉపవాసం పెడితే ఊరుకునే అతిథులు కావు ఈ సూక్ష్మజీవులు.

తొక్కలో పీచు ఒక్కటే ఉంటే ఇంత చెప్పక్కర్లేదు, తవుడు తిన్నా సరిపోయేది. పండు తన రక్షణకు పెట్టుకున్న వగరు పదార్థాలు, పాలీఫినాల్స్ అంటాం, గుజ్జులో కంటే తొక్కలో, గింజలో ఎక్కువ. ఎండ, పురుగు, బూజు ముందు తగిలేది అక్కడే కదా. ఇవి పీచుకు అతుక్కుని ఉంటాయి. పైన చిన్నపేగులో వీటిలో కొద్ది భాగమే ఒంటికి పడుతుంది, మిగిలినది పీచుతో పాటు కిందికి దిగుతుంది. అక్కడ సూక్ష్మజీవులు పీచును తింటూ వీటిని విడిపించి, వేరే పదార్థాలుగా మారుస్తాయి. దానిమ్మ తొక్క చూడండి. మన అమ్మమ్మలు విరేచనాలకు దాని కషాయం పట్టేవారు, ఆయుర్వేదంలో అతిసారానికీ గ్రహణికీ అది పాత మందు. దానిలోని ఎల్లాజిటానిన్లను కొన్ని జాతుల బాక్టీరియా యూరోలిథిన్లు అనే పదార్థాలుగా మారుస్తాయి. తమాషా ఏమిటంటే ఆ బాక్టీరియా అందరి కడుపులోనూ ఉండవు. ఒకే ఇంట్లో ఒకే కషాయం తాగిన ఇద్దరిలో ఒకరికి యూరోలిథిన్ తయారవుతుంది, రెండోవారికి బొత్తిగా తయారవకపోవచ్చు. ‘దానిమ్మ తొక్క అందరికీ అమృతం’ అని వాట్సాప్‌లో వచ్చే సందేశాలు చదివినప్పుడు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

మామిడి తొక్క మీద మన దేశంలో జరిగిన పనిలో నాకు బాగా నచ్చింది మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో జరిగింది. 2008లో అచ్చయింది. మామిడి తొక్కను ఎండబెట్టి పొడి కొట్టి బిస్కెట్ పిండిలో కలిపారు. మామూలు బిస్కెట్లో పీచు 6.5 శాతం ఉంటే, పిండిలో ఐదోవంతు తొక్క పొడి కలిపినప్పుడు 20.7 శాతానికి పెరిగింది. కరిగే పీచు, అంటే పెక్టిన్ జాతిది, అందులో బాగా ఉంది. కానీ తిని చూసినవాళ్ళు పది శాతం దాకానే సరేనన్నారు. ఆపైన రంగు ముదిరి, చేదు తగిలింది. ఆ పది శాతం దగ్గర ఆగిన నాలుకను నేను గౌరవిస్తాను. తినబుద్ధి కాని ఆరోగ్యం మూడో రోజుకు అటకెక్కుతుంది.

మనుషుల మీద రుజువులు ఏ మాత్రం ఉన్నాయి? నిజం చెప్పాలంటే తొక్క పొడుల మీద ఉన్నవి చాలావరకు ప్రయోగశాల గాజు పాత్రల్లో, ఎలుకల్లో చూసినవి. పెద్దపేగును అనుకరించే యంత్రంలో మెక్సికో మామిడి తొక్క వేసి చూస్తే బైఫిడోబాక్టీరియా అనే మేలుచేసే సూక్ష్మజీవులు పెరిగాయి. మంచి సూచనే, కానీ యంత్రానికి కడుపు నొప్పి రాదు. మనుషుల మీద జరిగినవాటిలో అమెరికాలో టెక్సాస్ వాళ్ళు 2018లో ప్రచురించినది చెప్పుకోదగ్గది. మలబద్ధకం ఉన్న 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు 300 గ్రాముల మామిడిపండు, రెండో జట్టుకు దానికి సమానమైన పీచు పొడి నాలుగు వారాలు ఇచ్చారు. రెండు జట్లకూ మేలు జరిగింది, మామిడి జట్టుకు ఎక్కువ జరిగింది. గుర్తుంచుకోండి, అది గుజ్జు, తొక్క కాదు. నేను దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, పీచును విడిగా తీసి డబ్బాలో పోసి అమ్మినదాని కంటే పండుతో పాటు వచ్చిన పీచుకు విలువ ఎక్కువ అనడానికి ఇది ఒక ఆధారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు ఉండాలన్నప్పుడు కూడా ఆహారంలో సహజంగా ఉన్న పీచు అనే చెప్పింది. నెలకు వేలు పోసి తొక్క పొడి క్యాప్సూళ్ళు కొనేవాళ్ళు దాన్ని ఒకసారి చదివితే బాగుంటుంది.

ఇక టెంక సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోయాయి.

టెంక పగలగొడితే లోపల జీడి. అందులో పిండిపదార్థం ఉంది, కొవ్వు ఉంది. ఆ కొవ్వు చాక్లెట్‌లో వాడే కోకో వెన్నకు ఎంత దగ్గరంటే, యూరప్ చట్టం చాక్లెట్‌లో కలపడానికి అనుమతించిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి, ఐదు శాతం మించకుండా. మన పాడేరు ఏజెన్సీలో, సరిహద్దు దాటితే ఒడిశా కొండల్లో, మామిడి జీడి చాక్లెట్‌కి కాదు, వానాకాలం ఆకలికి. ఎండాకాలంలో టెంకలు ఏరి ఎండబెడతారు. తిండిగింజలు అయిపోయే రోజుల్లో వాటిని పగలగొట్టి, జీడిని దంచి, బుట్టలోనో గుడ్డలోనో కట్టి వాగు నీళ్ళలో ఉంచుతారు. వగరంతా కొట్టుకుపోయేదాకా నీళ్ళు పారాలి. తర్వాత అంబలి కాస్తారు. ఆహార రసాయనశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి, టానిన్లు తీసేయడానికి ఇంతకంటే చవకైన పద్ధతి నాకు తెలీదు. కానీ 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో జీడి అంబలి తిన్నవాళ్ళు చనిపోయారు. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్ళీ అదే జరిగింది. తడిసి, బూజు పట్టిన జీడిని ఆకలికి వండుకున్నారు. అవి జీడి చావులా ఆకలి చావులా అని అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. నన్నడిగితే, బియ్యం ఉన్న ఇంట్లో బూజు పట్టిన జీడిని ఎవరూ కుండలో వేయరు.

నేను మొదట చెప్పిన ముక్కకు ఇదే సాక్ష్యం. తొక్క, టెంక, పిప్పి, ఇవేవీ పుట్టుకతో చెత్త కావు. కోసిన క్షణాన తిండే. ఆ తర్వాత గంటలు లెక్కపెట్టుకోవాలి. పచ్చి మామిడి తొక్కలో ముప్పాతిక దాకా నీరే, దానికి తోడు చక్కెర. మే నెల ఎండలో కుప్ప పోస్తే మధ్యాహ్నానికి ఈస్టు ఎక్కుతుంది, మర్నాటికి బూజు. తొక్కలోనే ఉన్న ఒక ఎంజైము పాలీఫినాల్స్‌ను నల్లబరుస్తుంది, కోసిన యాపిల్ రంగు మారినట్టే. మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచి తీస్తే ఎంజైము చస్తుంది, రంగు నిలుస్తుంది, పైనున్న క్రిములూ చాలావరకు పోతాయి. వెంటనే పదిశాతం తేమకు లోపల ఎండబెడితే నెలల తరబడి ఉంటుంది. రహస్యమేమీ లేదు. ఈ పని కోసిన చోటే, ఆ రోజే జరగాలి.

దానికి ముందు ఇంకో అడ్డంకి ఉంది. తొక్క మీద ఏముంది? పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టిన మందుల అవశేషాలు గుజ్జులో కంటే తొక్కలో ఎక్కువ. పైగా కార్బైడ్. కాల్షియం కార్బైడ్‌తో పండించడాన్ని 2011 నిబంధనలు నిషేధించాయి, కానీ మార్కెట్‌లో ఆగలేదు. ఎంతదాకా వెళ్ళిందంటే 2015లో మన హైకోర్టే దాన్ని తనంతట తాను కేసుగా తీసుకుంది. ఇథిలీన్ గ్యాసును 100 పీపీఎం దాకా వాడుకోవచ్చు, అది పండు తనలో తాను పుట్టించుకునేదే. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. కొనే పండు ఏ గదిలో మాగిందో తెలియనప్పుడు తొక్క తినమని నేను ఎవరికీ చెప్పను. మామిడి సొన పడనివాళ్ళు, అది తగిలితే పెదవుల మీద పొక్కులొచ్చేవాళ్ళు, అసలే తినకూడదు. పేగు సున్నితంగా ఉండి తరచూ ఉబ్బరం, నొప్పి వచ్చేవాళ్ళకు ఒక్కసారిగా ఇంత పీచు పడితే రాత్రంతా నిద్ర ఉండదు. పంపరపనస తొక్కతో ఏమైనా చేసుకుందామనుకునేవాళ్ళు, బీపీకో కొలెస్ట్రాల్‌కో మాత్రలు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగాలి, దానివల్ల కొన్ని మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి.

మరి మన వంటింట్లో ఏం లేదా? బోలెడు ఉంది. మే నెలలో ఆవకాయ కాయలు కొట్టించే చోట చూడండి. కత్తిపీట మీద కాయ రెండవుతుంది, జీడి ఊడి కింద పడుతుంది, ముక్కకు టెంక పెంకు అంటుకునే ఉండాలి, లేకపోతే ఇంటిదగ్గర మాట పడతాం. ఇంటికొచ్చాక జీడి చోటున మిగిలిన పలచటి పొరను గుడ్డతో తుడుస్తారు. తొక్క జోలికి ఎవరూ పోరు. అంటే తరతరాలుగా మనం మామిడి తొక్క తింటున్నాం, పులుపుతో, ఉప్పుతో, ఆవపిండితో. బడి బయట తోతాపురి ముక్కలకు ఉప్పుకారం చల్లి అమ్మే ముసలమ్మ తొక్క తీస్తుందా? తీస్తే పిల్లలు కొనరు. బీరపొట్టు పచ్చడి, అరటిదూట కూర, పనసగింజలు, నిమ్మకాయ ఊరగాయ, పుచ్చకాయ తెల్లభాగంతో పప్పు. అయితే ఊరగాయను పేగు మందుగా చూపించి ఎవరైనా వ్యాసం రాస్తే నమ్మకండి. నాలుగు ముక్కల ఆవకాయతో వచ్చే పీచు కంటే ఉప్పే ఎక్కువ. బీరపొట్టు పచ్చడి వారానికి రెండుసార్లు, బత్తాయిని రసం తీయకుండా తొనలు తొనలుగా, తెల్ల పొరతో సహా తినడం, నేను మా ఇంట్లో చెప్పేది ఇంతే. తొక్క పొడి కొట్టమని నేను చెప్పలేదు, మా ఆవిడ కొట్టేదీ కాదు.

తొక్క అసలు కుప్పలు పడేది ఇళ్ళలో కాదు. చిత్తూరు జిల్లాలో పడుతుంది. అక్కడి గుజ్జు ఫ్యాక్టరీల్లో జూన్, జూలైల్లో తోతాపురి కడిగి, కోసి, టెంక తీసి, గుజ్జును వేడిచేసి డ్రమ్ముల్లో నింపి ఎగుమతి చేస్తారు. కాయ బరువులో సగానికి అటూ ఇటూగా గుజ్జు, మిగిలింది తొక్క, టెంక, పీచు. 2025 వేసవిలో ఆ కాయ ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 ఇచ్చేలా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేయాల్సి వచ్చింది. రైతు దగ్గర కొన్న ప్రతి కిలోలో దాదాపు సగం బరువును పారేయడానికి ఫ్యాక్టరీ మళ్ళీ ట్రాక్టరుకు కిరాయి కడుతుంది. ఆ సగానికి రూపాయి వచ్చినా కాయ ధరలో ఎవరికో ఒకరికి కలిసొస్తుంది. పైగా ఫ్యాక్టరీలో కాయను కోసే ముందే కడుగుతారు, తొక్క ఒకే చోట, ఒకే రకం కాయది, వేడినీళ్ళూ ఆవిరీ అక్కడే ఉన్నాయి. పేగుకు పనికొచ్చే తొక్క పొడి రావాల్సింది దిల్‌సుఖ్‌నగర్ డ్రమ్ములోంచి కాదు, అక్కడి నుంచి. జీడి కొవ్వు కూడా అక్కడి నుంచే.

మన నగరం దగ్గరున్నది ఇంకో రకం పని. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో కుళ్ళిన సరుకుతో గ్యాస్, కరెంటు తీసే ప్లాంటు నడుస్తోంది, రోజుకు పది టన్నులు మింగుతుంది. దాని సాంకేతికత తార్నాకలోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీది. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో చెప్పడంతో దేశమంతా తెలిసింది. ఆ ప్లాంటు ట్యాంకులో జరిగేదీ, మీ నా పెద్దపేగులో జరిగేదీ మొదట ఒకటే: గాలి లేని చోట బాక్టీరియా పీచును విరగ్గొట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ చేస్తుంది. ట్యాంకులో ఆ ఆమ్లాలు మీథేన్ అయ్యి ఇంజను తిప్పుతాయి, పేగులో ఎక్కువ భాగం మన ఒంట్లోకి పోతాయి. ప్లాంటు మంచిదే, నేను దాని అభిమానిని. కాని దానికి నైవేద్యం పెట్టాల్సింది మనిషీ పశువూ తినడానికి వీల్లేని దాన్ని. మంచి తొక్కను నేరుగా గ్యాస్ ట్యాంకులో వేయడం, పాలు తాగకుండా పిడకల కోసమే గేదెను మేపడం లాంటిది.

కోహెడ దగ్గరికి వస్తానన్నాను. టోకు మార్కెట్‌లో తొక్కలు ఉండవు, డాగు పడ్డ కాయలు ఉంటాయి. ఒక పక్క నలిగి, మిగతా అంతా బాగున్న కాయ. సాయంత్రానికి ఎవరూ కొనరు, పొద్దునకి కుళ్ళుతుంది. కొత్త మార్కెట్ కడుతున్నప్పుడు, గోదాముల నక్షా గీసే రోజే, మూడు పనులు ఒక వరసలో పెట్టాలని నా ప్రతిపాదన. మొదట, డాగు కాయను సాయంత్రం లోపల కడిగి, చెడ్డ భాగం కోసేసి గుజ్జు తీసే చిన్న యూనిట్. దాని పక్కనే తొక్కను వేడినీళ్ళలో ముంచి ఎండబెట్టే డ్రయ్యర్. ఎండబెట్టడానికి ఖర్చంతా వేడికే, అందువల్లే ఇటువంటి యూనిట్లు రెండో ఏడు మూతపడతాయి. కాబట్టి మూడోది, బోయిన్‌పల్లి లాంటి గ్యాస్ ప్లాంటు, పూర్తిగా కుళ్ళిపోయిన సరుకుతో నడిచేది. దాని గ్యాసు డ్రయ్యర్ కింద మండాలి. ఆ పొడిని అమ్మే ముందు పురుగుమందు అవశేషాలకు, బూజు విషాలకు పరీక్ష చేయాలి, ఆ నివేదిక సంచీ మీద అచ్చు వేయాలి. పరీక్ష తప్పిన సంచీ పశువులకు కూడా పోకూడదు, మళ్ళీ ట్యాంకులోకే. షెడ్లు కట్టేశాక తర్వాత చూద్దామంటే స్థలం పార్కింగ్‌కి పోతుంది. మన ఎమ్మెల్యే గారికి ఈ కాలనీ నుంచి ఏటా రోడ్ల మీదా డ్రైనేజీ మీదా అర్జీలు పోతుంటాయి, ఈసారి దీని మీద ఒకటి రాద్దామని కమిటీ పెద్దలను అడుగుతున్నాను. ముసాయిదా నేను రాసిస్తాను.

ఇక ప్రశ్నలు అడగండి. షుగర్ ఉన్నవాళ్ళు మామిడిపండు ఎన్ని ముక్కలు తినొచ్చు అన్న ప్రశ్న మాత్రం మీ డాక్టరు గారికి అట్టిపెట్టండి.